గేటుకు కట్టిన పాయింటు బుక్కు

నా మొదటి ఎన్నికలో నేను ఒక్క గడప ముందు కూడా చేతులు జోడించలేదు. ఒక్క ఓటు అడగలేదు. వార్డుకు వార్డే, ఆడా మగా, ముసలీ ముతకా, వరస కట్టి మా ఇంటికే నడిచి వచ్చింది. మా గేటు ముందు చెప్పులు విడవడానికి జాగా లేక జనం పక్కింటి గేటు ముందు విడిచారు. కరీంనగర్ నుంచి ఆదిలాబాదు దాకా ఇలాంటి ఎన్నిక చేసిన మగాడు ఇంకొకడుంటే చూపించండి, ఈ మీసం గీయించుకుంటాను.

ఈ మాట పెళ్లిళ్లలో చెప్పాను, దినాల్లో చెప్పాను, మంచిర్యాల స్టేషన్లో రైలు ఆలస్యమైతే పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పాను. ఇప్పుడు రాయబోతే మాత్రం కలం మొరాయిస్తోంది. చెప్పిన మాట గాలికి పోతుంది, రాసిన మాట కేసు డైరీలా వెంట పడుతుంది, అది నాకు బాగా తెలుసు. కాబట్టి ఇందులో జరిగిందెంతో, నేను ఊదిందెంతో కథ చెబుతూ చెబుతూ ఒప్పుకుంటాను. చెప్పుల సంగతి మాత్రం నిజం.

ముందు నా ఉద్యోగం గురించి రెండు మాటలు. మాది కరీంనగర్ వైపు పల్లె. మా బాపు ఎవుసం చేసేవాడు. నేను కానిస్టేబులుగా చేరితే మొదటి పోస్టింగు భైంసాలో పడింది. భైంసా బజార్లో నేను లాఠీ నేలకు ఆనిస్తే ఆ చప్పుడుకే దుకాణాలు మూతపడేవని మా మనవలకు చెబుతుంటాను. అసలు సంగతి ఏమిటంటే, పత్తి సీజనులో జిన్నింగు మిల్లు ముందు ఎడ్లబండ్లు ఊరి పొలిమేర దాకా నిలబడేవి. వాటిని ఒక వరసలో పెట్టడం నా డ్యూటీ. ఆ ఎడ్లకు తెలుగు రాదు, ఉర్దూ రాదు, మరాఠీలో అదిలిస్తేనే కదిలేవి. మొదటి ఏడాది నేను చట్టం కన్నా మరాఠీయే ఎక్కువ నేర్చుకున్నాను. మీసాల్లో, చెవుల్లో, కనుబొమల మీద పత్తి పట్టుకుని ఇంటికి వెళితే మా ఆవిడ తలుపు తీసి, "ఏందయ్యా, పోలీసోనివా, పరుపులు కుట్టేటోనివా?" అనేది.

అలా మొదలై, ఉట్నూరు చలిలో, కాగజ్‌నగర్ ఎండలో, ఎన్నో స్టేషన్ల నీళ్లు తాగి, చివరికి ఇన్‌స్పెక్టరునై రిటైరయ్యాను. మంచిర్యాల దగ్గరే, బొగ్గు గనుల కాలనీని ఆనుకుని ఇల్లు కట్టుకున్నాను. ఉద్యోగం నన్ను వదిలింది కానీ నేను ఉద్యోగాన్ని వదల్లేదు. పొద్దున పాలు పోసే అతను వస్తే, "పేరు? తండ్రి పేరు? ఎక్కడుంటవ్?" అని అడిగేవాణ్ణి. వరసగా నాలుగు రోజులు అడిగేసరికి అయిదో రోజు నుంచి అతని భార్య రావడం మొదలైంది. కూరగాయలామె మా గేటు వచ్చేసరికి కేకెయ్యడం ఆపేసి గబగబా దాటిపోయేది. మా ఆవిడ ఏడాది ఓపిక పట్టింది. ఒకనాడు పప్పు గంటె చేతిలో పట్టుకునే వచ్చి నా ముందు నిలబడింది.

"ఎలచ్చన్లు వస్తున్నయట. పోయి నిలవడు."

"నేనా? రాజకీయమా?"

"యాడనన్న నిలవడయ్యా. గీ ఇంట్ల అయితే నిలవడకు."

నా రాజకీయ ప్రవేశానికి ప్రజల ఒత్తిడి కారణమని కరపత్రంలో వేయించాను. ఆ ప్రజలు మా ఆవిడే.

వార్డు కౌన్సిలరుగా ఇండిపెండెంటుగా నామినేషన్ వేశాను. నాకు ఈల గుర్తు కావాలని అడిగితే అది లేదన్నారు. కుక్కరు ఇచ్చారు. అదీ ఈల వేస్తుంది కదా అని ఒప్పుకున్నాను.

ఇక ప్రచారం. నాకు కుడిభుజం మా రైటర్. రైటరంటే పుస్తకాలు రాసేవాడు కాదు. స్టేషన్లో ఫిర్యాదులు, రికార్డులు రాసే హెడ్ కానిస్టేబుల్. పదేళ్లు నా దగ్గరే పనిచేసి, నా తర్వాత ఆర్నెల్లకు రిటైరయ్యాడు. మనిషి బంగారం, కానీ పెళ్లి శుభలేఖ రాయమన్నా "సదరు వధువు" అని రాస్తాడు. మొదటి రోజు మేమిద్దరం గనుల కాలనీ మొదటి గల్లీలోకి వెళ్లాం. ఇక్కడ ఒప్పుకోవాలి, వెళ్లాం. ఒక్క గడప ముందు కూడా చేతులు జోడించలేదని పైన రాసింది శుద్ధ అబద్ధం. ప్రతి గడపా మూడేసి సార్లు తొక్కాను. చేతులు కూడా జోడించాను. కాకపోతే ఆ చేతులకు జోడించడం అలవాటు లేదు.

మొదటి తలుపు కొట్టి, "ఎవరున్నరు లోపల? బయటికి రావాలె!" అన్నాను. నా చెవికి అది మర్యాదగానే వినబడింది. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. చాలాసేపటికి ఓ పెద్దాయన వచ్చాడు, గనిలో పనిచేసి దిగిపోయిన మనిషి. ఆయన చేతిలో మోటారుసైకిలు కాగితాలున్నాయి.

"సార్, ఇన్సూరెన్సు నిన్ననే కట్టిన" అన్నాడు.

"కాగితాలెందుకు పెద్దమనిషీ? నేను ఓటు అడగనీకె వచ్చిన."

"హెల్మెట్ సుత ఉన్నది సార్. లోపల ఉన్నది."

ఆ గల్లీలో ఆ రోజు నాకు ఓట్ల హామీలు దొరకలేదు కానీ ఏడు బండ్ల కాగితాలు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

రెండో తలనొప్పి మా కార్యకర్తలు. పొద్దున బయలుదేరి సాయంత్రం వచ్చి, "అన్ని గల్లీలు తిరిగినం సార్, మస్తు రెస్పాన్సు" అనేవారు. నేను మాత్రం వాళ్లను మధ్యాహ్నం చాయ్ హోటల్లో క్యారమ్స్ ఆడుతుండగా కళ్లారా చూసేవాణ్ణి. ముప్పై ఏళ్లకు పైగా ఎవరి మాటా నమ్మకుండా జీతం తీసుకున్న మనిషిని. ఊరుకుంటానా? రైటర్‌ను పిలిచి ఉపాయం అడిగాను. అతను గడ్డం గోక్కుని, "సార్, మనకు తెలిసిన పద్ధతి ఒక్కటే ఉన్నది" అన్నాడు.

పోలీసు పనిలో పాయింటు బుక్కని ఒకటుంటుంది. గస్తీ కానిస్టేబులు నిజంగా తిరుగుతున్నాడా, ఎక్కడైనా కునుకు తీస్తున్నాడా అని తెలియడానికి, అతను తిరగాల్సిన దారిలో అక్కడక్కడా ఓ చిన్న పుస్తకం వేలాడదీస్తారు. వెళ్లినవాడు టైము వేయాలి, సంతకం పెట్టాలి, అక్కడ చూసింది రెండు ముక్కలు రాయాలి. బ్యాంకు దగ్గర ఉంటుంది, గుడి దగ్గర ఉంటుంది. ఎవరి మీదైనా కన్నేసి ఉంచాలంటే వాళ్ల ఇంటికీ ఉంటుంది. ఈ చివరి సంగతి నాకూ తెలుసు, రైటర్‌కూ తెలుసు. ఆ పూట మా ఇద్దరిలో ఒక్కడికీ గుర్తు రాలేదు.

మా వార్డులో పదకొండు గల్లీలు. పదకొండు పుస్తకాలు కొన్నాం. అట్టల మీద రైటర్ తన గుండ్రటి దస్తూరితో "పాయింటు బుక్కు" అని రాసి, గల్లీకొక పేరున్న ఇల్లు చూసి, గేటుకు దారంతో కట్టి, పెన్సిలు కూడా వేలాడదీశాడు. మరుసటి రోజు నుంచి కార్యకర్తలు పరుగో పరుగు. ఎన్నికల శాస్త్రంలో కొత్త అధ్యాయం మొదలుపెట్టానని పొంగిపోయాను. జనం నన్ను చూసి ఇళ్లలోకి వెళ్లిపోతుంటే, భక్తి కాబోలు అనుకున్నాను.

పదిహేను రోజులు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను అన్నం తిని కుర్చీలో వాలాను. గేటు ధడాలున తెరుచుకుంది. చివరి గల్లీలో జాకెట్లు కుట్టే చెల్లె. సొంత చెల్లెలు కాదు, కాలనీకి వచ్చిన నాటి నుంచి అన్నా అని పిలుస్తుంది. భర్త గనిలో పనిచేస్తూ జబ్బు చేసి పోయాడు. ఆ ఉద్యోగమే కొడుక్కు వచ్చింది. వార్డులోని ఆడవాళ్లందరి కొలతలూ, కష్టాలూ ఆమెకు తెలుసు కనుక చివరి గల్లీ పుస్తకం ఆమె గేటుకే కట్టించాను. అది ఇప్పుడు ఆమె చేతిలో ఉంది, తెగిన దారంతో సహా. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

"అన్నా, గిదేంది?"

"పాయింటు బుక్కు చెల్లె" అన్నాను, కొంచెం గర్వంగానే.

"గది నాకెర్కే. లక్సెట్టిపేట పెద్దమనిషికి సుత ఎర్కే. ఆయన వాడకట్టుల ఓ దొంగోని ఇంటికి ఏడాది పొద్దు ఏలాడిందట గీ బుక్కు. గేటు కాడ్నే నిలవడి చూసిండు. మంచినీళ్లు ఇస్తె తాగలే. కుర్చీల కూసోలే. పనున్నదని అటే పోయిండు."

విషయం ఇదీ. మా వైపు గనిని బాయి అంటాం. బాయిలోకి దిగే పిల్లవాడికి పిల్లనివ్వడానికి జనం వెనకాడుతున్నారు. ఈమె కొడుక్కు ముప్పై రెండేళ్లు వచ్చాయి. ఎన్ని సంబంధాలు వచ్చినా 'బాయి డ్యూటీ' అన్న మాట దగ్గర ఆగిపోయాయి. చివరికి లక్సెట్టిపేట పిల్ల ఒకతి, మందుల దుకాణంలో పనిచేస్తుంది, అబ్బాయిని చూసి, "బాయైతే ఏంది, పైకి వస్తడు గదా" అన్నదట. మా వాళ్లు ఆ ఒక్క మాటకే మురిసిపోయారు. పూలూ పండ్లూ పెట్టుకుని సంబంధం ఖాయం చేసుకునే ముందు పిల్ల తండ్రి అబ్బాయి ఇల్లు చూడటానికి రావడం ఆనవాయితీ. ఆయన ఆ ఆదివారమే వచ్చాడు. ఇల్లు చూడలేదు. గేటుకున్న నా పుస్తకం చూసి వెళ్లిపోయాడు.

"ఓటు అడుగుతవనుకుంటే నా కొడుకును రౌడీని చేస్తివి గదా అన్నా" అంది చెల్లె. ఏడవలేదు. మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. "ఇగ గీ సంబంధం పోతె నేను ఇంకో గడప ఎక్క. నాతోని కాదు."

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వచ్చింది. "గెలుస్తడో లేదో గని, వాడకట్టుల లగ్గాలు మాత్రం మంచిగ ఆపుతుండు."

సర్వీసులో నన్ను చాలామంది తిట్టారు. తిట్టనివాళ్ల ముందు తల దించుకోవడం మాత్రం అదే మొదటిసారి. "ఫికర్ చెయ్యకు చెల్లె. రేపు పొద్దుగాల నేనే పోయి మాట్లాడుత" అన్నాను.

"నువ్వు మాట్లాడుతవా?" అని చెల్లె, మా ఆవిడ ఒకేసారి అన్నారు. ఇద్దరి గొంతులోనూ నమ్మకం లేదు.

సోమవారం పొద్దున లక్సెట్టిపేటకు బయలుదేరాం, నేనూ రైటరూ. ఇక్కడ రెండు తప్పులు చేశాం. ప్రచారానికి అద్దెకు తీసుకున్న తెల్ల జీపులో వెళ్లాం. రైటర్ ఉతికిన ప్యాంట్లు లేవని పాత ఖాకీ ప్యాంటు వేసుకు వచ్చాడు. పిల్ల తండ్రికి బజార్లో విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. మా దగ్గర పత్తి విత్తనాలు వేసే కాలంలో నకిలీ విత్తనాల కోసం ఏ పూటైనా తనిఖీ రావచ్చు, నిజాయితీపరుడికి కూడా గుండె దడగానే ఉంటుంది. అలాంటి దుకాణం ముందు తెల్ల జీపు ఆగింది, ఖాకీ ప్యాంటు దిగింది, వెనక నా మీసం దిగింది. లోపలున్న ముగ్గురు రైతులు కొనాల్సినవి కొనకుండానే పక్క సందులోకి జారుకున్నారు.

నేను కౌంటరు ముందు నిలబడి, మర్యాదగా మాట మొదలుపెట్టాలని నోరు తెరిచాను. "పేరు? తండ్రి పేరు?" అన్న మాట దానంతటదే బయటికొచ్చింది.

ఆయన రెండూ చెప్పాడు. చెబుతూనే గోడకున్న లైసెన్సు అద్దంతో సహా దింపి నా ముందు పెట్టాడు. తర్వాత స్టాకు రిజిస్టరు తీశాడు. "బిల్లులన్నీ ఉన్నయి సార్. కంపెనీ మాలే. కావాలంటే సంచి ఇప్పి చూడుండ్రి."

"అయ్యా, నేను లగ్గం మాట మాట్లాడనీకె వచ్చిన" అన్నాను.

"ఎవరి లగ్గం సార్?"

"మీ బిడ్డ లగ్గం."

ఆయన ముఖంలో మిగిలిన కాస్త రక్తమూ పోయింది. "మా బిడ్డ ఏం చేసింది సార్?"

రైటర్ సాయం చేద్దామని ముందుకు వచ్చాడు. "సదరు ఇంటి పైన ఎసుంటి కేసులు పెండింగులో లేవు" అని చెప్పి, నా ఎన్నికల లెటరుప్యాడు మీద అప్పటికప్పుడు అదే మాట రాసి, సంతకానికి నా ముందు పెట్టాడు. నేను సంతకం చేశాను. ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివి నిదానంగా అన్నాడు, "కేసులు లేనోళ్లకు గీ కాగితం ఎందుకు సార్?"

సరిగ్గా అప్పుడే ఆ పిల్ల తండ్రికి అన్నం డబ్బా తీసుకుని వచ్చింది. చామనఛాయ, కళ్లజోడు. జీపును చూసింది, నన్ను చూసింది, గోడ మీద లైసెన్సు లేని ఖాళీ చోటు చూసింది. "ఏమైంది బాపు?" అంది. ఆయన నేను సంతకం చేసిన కాగితాన్ని ఆమె ముందుకు జరిపాడు. నేను సంచిలోంచి పాయింటు బుక్కు తీసి కౌంటరు మీద పెట్టి, మాట్లాడటం మొదలుపెట్టాను.

అప్పుడు నేను మాట్లాడినట్టు నా జన్మలో మళ్లీ మాట్లాడలేదు. గస్తీ అంటే ఏమిటో చెప్పాను. నా తప్పు ఒప్పుకున్నాను. గనిలో దిగే మనుషుల గురించి, భర్త పోయాక మిషను తొక్కి కొడుకును పెంచిన తల్లి గురించి, ఆ ఇంట్లో ఎప్పుడూ గొంతు లేవకపోవడం గురించి చెప్పాను. నా గొంతు నాకే బొంగురు పోయింది. రైటర్ కళ్లు తుడుచుకున్నాడు. తండ్రి కదలకుండా కూర్చున్నాడు. ఆ పిల్ల విత్తనాల బస్తా మీద కూర్చుని, తల వంచుకుని, ఆ పుస్తకం తిరగేస్తూ విన్నది. చివరికి తలెత్తి తండ్రితో, "బాపు, నాకు ఇష్టమే. ఖాయం చెయ్" అంది.

అంతే. జీపు ఎక్కి మంచిర్యాల తిరిగి వస్తుంటే గోదావరి మీద ఎండ తళతళలాడుతోంది. రైటర్‌తో, "చూసినవా, మాట పవరు!" అన్నాను. "సదరు పవరు నేను కండ్లార చూసిన సార్" అన్నాడు.

చెల్లెకు చెబితే, మొదట నమ్మలేదు. లక్సెట్టిపేట నుంచి ఫోను వచ్చాక నమ్మింది. నమ్మాక ఊరుకోలేదు. ఇంటింటికీ తిరిగి, నేను ఖాకీ ప్యాంటును వెంటబెట్టుకుని పెళ్లి మాట్లాడబోయిన కథను, పిల్ల తండ్రి లైసెన్సు దింపిన ముచ్చటను, నా గొంతు అనుకరిస్తూ చెప్పింది. "పేరు? తండ్రి పేరు?" అని ఆమె అంటే కాలనీ అంతా పగలబడి నవ్వింది. మరుసటి రోజు పొద్దున మా ఇంటి ముందు గుంపు. మిగిలిన పది గల్లీలవాళ్లు, ఇరుగుపొరుగును తోడు తెచ్చుకుని, ఎవరి పుస్తకం వాళ్లు పట్టుకుని వచ్చారు. పైన నేను గొప్పగా చెప్పిన, వార్డంతా నడిచి వచ్చిన దృశ్యం ఇదే. వాళ్లు ఓటు ఇవ్వడానికి రాలేదు, పాయింటు బుక్కులు వాపసు చేయడానికి వచ్చారు. చెప్పులు మాత్రం, ముందే చెప్పానుగా, పక్కింటి గేటు దాకా ఉన్నాయి.

మా ఆవిడ పెద్ద గిన్నెలో చాయ్ పెట్టింది. మోటారుసైకిలు కాగితాలు చూపించిన పెద్దాయన గ్లాసు అందుకుంటూ, "సార్, మీరు సుత తప్పు చేస్తరా?" అని అడిగాడు.

"మస్తు చేస్త" అన్నాను.

"అయితె మాకు పనికొస్తరు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నేను ఎవరి పేరూ, ఎవరి తండ్రి పేరూ అడగలేదు.

గెలిచాను. బ్రహ్మాండమైన మెజారిటీ అని రాద్దామనుకున్నాను. ఓడినాయన మళ్లీ లెక్కపెట్టమని అడిగేంత మెజారిటీ అది. కౌన్సిలరుగా నల్లాలు వేయించాను, మోరీలు తీయించాను, ఇంకా ఏవేవో చేశాను, వాటి గురించి ఊదడానికి ఇంకో మోకా చూసుకుంటాను. కానీ నా రాజకీయ జీవితంలో నేను సాధించినదేదని ఎవరు అడిగినా, లక్సెట్టిపేట దుకాణంలో నేను చేసిన ఆ ఉపన్యాసమే అని చెబుతాను. రెండు కుటుంబాలను కలిపింది ఆ మాటలే.

నా దస్తూరి ఎవరికీ అర్థం కాదని, ఈ కాగితాలను సాఫుగా రాసి పెట్టమని ఆ పిల్లకే ఇచ్చాను. ఇప్పుడు ఆమె చెల్లె కోడలు, నాకు కోడలు వరసే. కూతుర్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, కళ్లజోడు సర్దుకుని, ఆఖరి దాకా చదివింది. మెచ్చుకుంటుందేమోనని నేను మీసం దువ్వుకున్నాను.

"మామా, గిదంత అబద్ధం."

"ఏది?"

"నీ ఉపన్యాసం. నువ్వు మాట్లాడినంతసేపు మా బాపు ఒక్క ముక్క వినలే. స్టాకు రిజిస్టరుల ఏమన్న తప్పు వోయిందా అని యాది చేసుకుంటుండు. రైటర్ సార్ ఏడ్సింది ఎరువుల ఘాటుకు. నేను సుత వినలే. నేను బుక్కు సదువుతున్న. పదిహేను రోజులది ఉన్నది అండ్ల. నీ కార్యకర్తలు ఏం రాయాల్నో తెలువక ఇంట్ల ఏం కనవడితే గది రాసిండ్రు. 'బాబు డ్యూటీకి పోయిండు.' 'బాబు వచ్చిండు, అమ్మతోని కూసోని జాకెట్లకు హుక్కులు కుడుతుండు.' 'బాబు ఇంట్లనే ఉన్నడు, చాయ్ పెట్టి మాకిచ్చిండు.' ఒక్కనాడన్న తాగి వచ్చిండని లేదు, లొల్లి పెట్టిండని లేదు. ఏ పిల్లకు దొరుకుతది మామా గసుంటి రికార్డు? నేను రెండో పేజీలనే ఒప్పుకున్న. నువ్వు ఊకుంటవేమో, చెప్పుదామని చూస్తున్న. నువ్వే ఊకుంటలెవ్వు."